పిల్లల కిడ్నీ బయాప్సీ: సాయంత్రమే ఇంటికా, రాత్రి ఆసుపత్రిలోనా?

పిల్లలకి కిడ్నీ బయాప్సీ, అంటే పరీక్ష కోసం సూదితో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీయడం, చేశాక ఆ సాయంత్రమే డిశ్చార్జి చేయొచ్చా? ఎక్కడో ఒక బిడ్డకి రక్తస్రావం అయిన ప్రతిసారీ ఈ వాదన మళ్లీ లేస్తుంది. 1951లో డెన్మార్క్ వైద్యులు ఇవెర్సెన్, బ్రూన్ సూదితో కిడ్నీ ముక్క తీసిన పాత కథను పక్కన పెడదాం. అసలు మెలిక 2004లో పడింది.

షికాగోకి చెందిన విట్టియర్, కోర్బెట్ ఆ ఏడాది 750 మంది పెద్దల బయాప్సీల ఫలితాలు ప్రచురించారు. అల్ట్రాసౌండ్ సాయంతో చేసినవే. అయినా ఎనిమిది గంటలు చూసి పంపేస్తే మూడింట ఒక వంతు, అంటే 33 శాతం ఇబ్బందులు మన కళ్లపడకుండానే పోతాయని తేలింది. స్కాన్ సూదికి దారి చూపుతుంది. సూది బయటికొచ్చాక లోపల రక్తం ఎంతసేపు కారుతుందో మాత్రం ముందే చెప్పలేదు. గుండె పంప్ చేసే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది మరి.

‘అది పెద్దల లెక్క కదా’ అంటారు డే కేర్‌ను, అంటే అదే రోజు ఇంటికి పంపడాన్ని, సమర్థించేవాళ్లు. నిజమే. పిల్లల మీద జరిగిన 23 అధ్యయనాలను, మొత్తం 5,504 బయాప్సీలను 2019లో కలిపి చూస్తే, రక్తం ఎక్కించాల్సి వచ్చింది 0.9 శాతం మందికే. మూత్రం ఎర్రబడింది 3.5 శాతం మందికి. కిడ్నీ చుట్టూ రక్తం గడ్డకట్టడం 11 శాతం మందిలో కనిపించింది. ఈ గడ్డలు చాలావరకు వాటంతటవే కరిగిపోతాయి, కానీ స్కాన్ రిపోర్టులో ఆ మాట చదివిన తల్లిదండ్రుల టెన్షన్ అంత తొందరగా కరగదు.

రక్తస్రావం ఇలా తగ్గడంలో స్కాన్‌తో పాటు సూదికీ వాటా ఉంది. 1980ల్లో స్వీడన్ నుంచి వచ్చిన స్ప్రింగు సూది, చేత్తో పొడిచే పాత సూదిని పక్కకి నెట్టింది. సైజు కూడా తగ్గింది. 2012 నాటి ఒక విశ్లేషణలో, లావుపాటి 14 గేజ్ సూది వాడిన పెద్దల్లో 2.1 శాతం మందికి రక్తం ఎక్కించాల్సి వస్తే, సన్నని 16, 18 గేజ్ సూదులతో అది 0.5 శాతమే.

పైగా ఇప్పుడు బల్ల మీదికి వస్తున్న పిల్లలు వేరు. మూత్రంలో ప్రోటీన్ పోయి ఒళ్లు వాచే మామూలు నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో ఎక్కువమంది స్టెరాయిడ్‌కే తగ్గుతారని 1970ల చివర్లో, 80ల మొదట్లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం చూపించాక, వాళ్లకి ముందుగా సూది అక్కర్లేకుండా పోయింది. మందుకి లొంగని జబ్బు, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు), కిడ్నీ పనితీరు పడిపోవడం లాంటివే ఎక్కువగా బయాప్సీ దాకా వస్తున్నాయి. బీపీ ఎక్కువున్నా, రక్తం గడ్డకట్టడంలో లోపమున్నా సాయంత్రమే పంపడానికి డే కేర్ వైద్యులే ఒప్పుకోరు. ఇల్లు దగ్గరుండాలని, నడిరాత్రి తిరిగి రాగలగాలని కూడా అడుగుతారు. పిల్లల కిడ్నీ డాక్టరు కోసం వంద కిలోమీటర్లు బస్సెక్కి వచ్చిన కుటుంబం ఆ షరతుకి ఎలా సరిపోతుందో డే కేర్ వాదనలో పెద్దగా వినిపించదు.