ముల్లు తీశాక కూడా సలుపు ఎందుకు?

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో వందనాలు. ఈస్టరుకు ముందు జరిగే శ్రమకాల కూటంలో మీలో ఒకరు పేరు రాయకుండా ఒక చీటీ ఇచ్చారు. "మా బాపమ్మ పింఛను పైసల్లకెల్లి 200 తీసిన. దేవునికి చెప్పుకున్న. అయినా నిద్ర పడ్తలేదు. దేవుడు నన్ను క్షమించలేదా?"

క్షమించాడు బిడ్డా. ముందు ఆ మాట చెప్పి మిగతాది రాస్తాను. మన పాపాలు మనం ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు గనుక క్షమిస్తాడని బైబిల్లో మొదటి యోహాను పత్రిక 1వ అధ్యాయం 9వ వచనంలో ఉంది. నీకు నిద్ర పట్టాకే క్షమిస్తానని అక్కడ లేదు.

మరి ఈ సలుపు ఎందుకు? చెరువు కట్ట మీద సర్కారు తుమ్మ ముల్లు గుచ్చుకోవడం మీకందరికీ తెలుసు. చెప్పులోంచి కూడా దిగుతుంది. మా చిన్నతనంలో పిల్లలందరం ఉత్త కాళ్లతోనే చేలల్లో తిరిగేవాళ్లం, అందుకని ప్రతి ఇంట్లో గూట్లో ఒక సూది ముల్లు తీయడానికే ఉండేది. ముల్లు దిగిన పిల్లలు ముందు చేసే పని దాన్ని దాచడం. ఇంట్లో తిడతారని మడమ ఎత్తి నడుస్తారు. రెండు మూడు రోజులకు చీము పడుతుంది, వంకరగా నడిచీ నడిచీ రెండో కాలి పిక్క కూడా పట్టేస్తుంది. దాచిన తప్పుతో జరిగేది ఇదే. బాపమ్మ కళ్లలోకి చూడలేం. ఆమె ప్రేమగా పిలిస్తే చిరాకు పడతాం. నేను మౌనంగా ఉన్నంతకాలం నా ఎముకలు క్షీణించాయని దావీదు 32వ కీర్తనలో చెప్పుకున్నాడు.

ముల్లు తీయాలంటే వెలుతురులో కూర్చోవాలి. కాలు సబ్బుతో కడిగి, సూది మొన మంటలో కాల్చి చల్లార్చి, ముల్లు ఏ వాలున దిగిందో ఆ వాలునే పైకి తీయాలి. అడ్డంగా లాగితే మొన విరిగి లోపలే ఉండిపోతుంది. "ప్రభువా, నా తప్పులన్నీ క్షమించు" అని మూటగట్టి చెప్పే ప్రార్థనలో అట్లాగే విరుగుతుంది. చేసింది చేసినట్టు చెప్పాలి: "బాపమ్మ పైసలు 200 తీశాను. ఆమె వెతుకుతుంటే నేను చూడలేదన్నాను." ఆ రెండో మాట, అబద్ధం ఆడిన సంగతి, చాలామంది వదిలేస్తారు. లోపల సలిపేది చాలాసార్లు అదే.

కాజీపేట ఫాతిమా మాత గుడికి వెళ్లే పిల్లలు గురువు (ఫాదర్) దగ్గర పాపసంకీర్తనం చేస్తారు, అంటే తమ పాపాలు చెప్పుకుంటారు. అక్కడ విన్నది ఆయన ఎవరికీ చెప్పకూడదు. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘాల్లో ప్రభు భోజనానికి ముందు అందరూ కలిసి ఒప్పుకోలు ప్రార్థన చెబుతారు. ఎక్కడ ఒప్పుకున్నా, ఆ తర్వాత బాపమ్మ దగ్గరికి వెళ్లక తప్పదు. కానుక బలిపీఠం దగ్గర వదిలిపెట్టి, ముందు వెళ్లి నీ సహోదరునితో సమాధానపడమని ప్రభువే అన్నాడు (మత్తయి 5:23, 24). ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లు. చేసింది చెప్పు, క్షమించమని అడుగు, ఆపు. "కానీ నువ్వు అడిగినా ఇయ్యవు కదా" అని తగిలించావో, చెప్పిందంతా పాడవుతుంది. ఆమెకు కోపం వస్తే రానీ. వెంటనే దగ్గరికి తీసుకోవాలని పట్టుబట్టకు.

పైసలు కూడా తిరిగి ఇవ్వాలి. మోషే ధర్మశాస్త్రంలో అసలుకు అయిదో వంతు కలిపి ఇమ్మని ఉంది (సంఖ్యాకాండము 5:7), అంటే 200కు 240. సువార్తలో సుంకం వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. నువ్వు వారానికి 20 చొప్పున పది వారాలు ఇచ్చినా నాకు సంతోషమే. క్షమాపణకు అది వెల కాదు, ఆ వెల సిలువ మీద ప్రభువు చెల్లించాడు. పైసలు బాపమ్మవి గనుక ఇస్తున్నావు, అంతే.

ముల్లు పూర్తిగా వచ్చాక కూడా రెండు రోజులు అడుగు వేస్తే కలుక్కుమంటుంది. అది ముల్లు కాదు, పుండైన కండ. ఇంకా ఉందేమోనని సూదితో మళ్లీ మళ్లీ కెలికితే ముల్లు చేసిన గాయం కంటే పెద్దదవుతుంది. రోజూ రాత్రి అదే తప్పును మళ్లీ ఒప్పుకోవడం ఈ కెలుకుడే. గుర్తొచ్చినప్పుడు "క్షమించినందుకు నీకు స్తోత్రం ప్రభువా" అని ఒక్కసారి చెప్పి అటు తిరిగి పడుకో.

ఇంకొకటి జాగ్రత్తగా వినండి. బాధ పెట్టేదంతా పాపం కాదు. తాతయ్య పోయేముందు చూడలేకపోతే అది దుఃఖం, దానికి ఏడవాలి గాని క్షమాపణ అడగనక్కర్లేదు. పెద్దవాళ్లెవరైనా మీతో చెడుగా ప్రవర్తిస్తే ఆ తప్పు వాళ్లది, మీది కానే కాదు. నమ్మకమున్న పెద్దవాళ్లకు చెప్పండి, ఎవరూ వినకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

ప్రభువు శిష్యులు పేతురు, యూదా ఇద్దరూ ఒకే రాత్రి తప్పు చేశారు, ఇద్దరూ కుమిలిపోయారు. యూదా ప్రభువును పట్టించి తీసుకున్న 30 వెండి నాణేలు తిరిగిచ్చి, పాపం చేశానని ఒప్పుకున్నాడు కూడా. కాని యాజకుల దగ్గర ఒప్పుకున్నాడు. వాళ్లు "దానితో మాకేమి?" అన్నారు. పేతురు మిగతా శిష్యుల మధ్యే ఉండిపోయాడు, ప్రభువు కనబడగానే నీళ్లలోకి దూకి ఆయన దగ్గరికే పోయాడు. ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకిన ఆ మనిషే తర్వాత దేవాలయంలో నిలబడి, "మీరు పరిశుద్ధుని నిరాకరించారు" అని జనంతో అనగలిగాడు (అపొస్తలుల కార్యములు 3:14). క్షమాపణ పొందనివాడి నోట ఆ మాట ఎట్లా వస్తుందో నాకు ఊహకు అందదు.

యోహాను సువార్త 21వ అధ్యాయం ఇంట్లో మీ అంతట మీరే చదవండి. ఒడ్డున నిప్పుల మీద చేపలు, రొట్టె ఉన్నాయి. ప్రభువు పేతురును ముందు ప్రశ్న అడిగాడా, ముందు అన్నం పెట్టాడా చూసి, ఆదివారం వచ్చి నాకు చెప్పండి.

మీ సండే స్కూల్ తాతయ్య,
హనుమకొండ