వస్తువు వేట సినిమాలు (పురాణాల్లోని మహిమగల వస్తువు కోసం వెతికే కథలు): అపోహలు - వాస్తవాలు

అపోహ: దేవుడి పేరు పడితే చాలు, సినిమా గట్టెక్కినట్టే.

ఆ పేరు శుక్ర, శని, ఆదివారాలు లాగుతుంది. సోమవారం మ్యాట్నీకి జనాన్ని రప్పించాల్సింది కథే. 2023 జూన్‌లో రామాయణం మీద తీసిన ‘ఆదిపురుష్’ మొదటి వారాంతం హోరెత్తించి సోమవారానికే చతికిలబడింది. విమర్శలొచ్చిన డైలాగులు మార్చినా హాళ్లు నిండలేదు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో ‘కార్తికేయ 2’ హిందీలో సరిగ్గా దీనికి తిరగేసి ఆడింది. కొద్దిపాటి షోలతో మొదలై, మౌత్ టాక్‌తో వారం తిరిగేసరికి వెయ్యి దాటేసింది. కృష్ణుడి కడియం కోసం వెతుకులాట, ఒక్కో ఆధారం ఇంకో ఊరికి తీసుకెళ్లడం. చూసొచ్చినవాడు పక్కవాడికి ఒక్క ముక్కలో చెప్పగల కథ అది.

అపోహ: వేట కథల అల్లిక హాలీవుడ్ నుంచి దిగుమతైంది.

పురాణకథల్ని పరిశోధించిన అమెరికన్ రచయిత జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో తెచ్చిన ‘ది హీరో విత్ ఎ థౌజండ్ ఫేసెస్’ పుస్తకం ప్రస్తావన లేని కథా సిట్టింగ్ ఈమధ్య అరుదు. చదవండి, తప్పులేదు. కానీ కిష్కింధకాండ, సుందరకాండ ముందేసుకుని సీన్ ఆర్డర్ రాసుకుంటే పని తొందరగా తెములుతుంది.

సుగ్రీవుడు నెల గడువు పెడతాడు. గడువు దాటొస్తే ప్రాణాలు దక్కవు. నాలుగు దిక్కులకూ జట్లు వెళ్తాయి, ఉంగరం మాత్రం హనుమంతుడి చేతికే. స్వయంప్రభ గుహలో గడువు కాస్తా దాటిపోతుంది. చేసేది లేక అంగదుడి జట్టు ప్రాయోపవేశానికి, అంటే తిండి మాని చావడానికి కూర్చుంటుంది. ఇంత తిండి దొరికిందని సంబరపడిన సంపాతి, వాళ్ల నోట తన తమ్ముడు జటాయువు పేరు విని చివరికి సీత జాడ చెబుతాడు. ఇంటర్వెల్ వేయడానికి ఇంతకంటే మంచి చోటేముంది?

తర్వాత సముద్రం మీద మూడు అడ్డంకులు. మైనాకుడు ఆతిథ్యమిస్తానంటే హనుమంతుడు చేత్తో తాకి, మర్యాదగా సెలవు తీసుకుంటాడు. సురస దగ్గర ఒళ్లు పెంచి, చటుక్కున బొటనవేలంతయి, నోట్లో దూరి బయటికొచ్చేస్తాడు. సింహికను మాత్రం చంపేస్తాడు. మర్యాద, యుక్తి, బలం. మన స్క్రిప్టులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: మూడు అడ్డంకులూ మూడు ఫైట్లయిపోతాయి, రెండో ఫైటు సగంలోనే ప్రేక్షకుడు ఫోన్ తీస్తాడు. పైగా లంకలో సీతకు రావణుడిచ్చిన గడువు ఇంక రెండు నెలలే. వానరుల గడువు ముగిసినా కథలో తొందర తగ్గలేదన్నమాట.

అపోహ: వస్తువు దొరకడమే క్లైమాక్స్.

1951 నాటి ‘పాతాళ భైరవి’ చూడండి. తనను బలివ్వబోయిన మాంత్రికుణ్నే తోటరాముడు బలిచ్చి, కోరిందల్లా ఇచ్చే ప్రతిమ దక్కించుకునేది కథ మధ్యలోనే. మేడ లేస్తుంది, రాకుమారితో పెళ్లి కుదురుతుంది. మాంత్రికుడు బతికొచ్చి ప్రతిమ కాజేయగానే మేడా పోతుంది, రాకుమారీ పోతుంది. ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే వింటుంది, నియమం అంతే. మీ వస్తువుకూ అంత సులువైన నియమం పెట్టండి, హీరో దాన్ని వాడకముందే చెప్పేయండి. క్లైమాక్స్‌లో ఉన్నట్టుండి దానికి కొత్త శక్తి పుట్టుకొస్తే హాల్లో ఒక్కడూ నమ్మడు. పురాణ నేపథ్యం మొదట్లోనే మూడు నాలుగు నిమిషాల్లో ముగించాలి. ఇంటర్వెల్ తర్వాత పావుగంట ఫ్లాష్‌బ్యాక్ పెడితే వేట ఆగిపోతుంది, టాక్‌లో ‘సెకండాఫ్ లాగ్’ అని పడుతుంది.

అపోహ: గ్రాస్ (టికెట్ల మొత్తం వసూలు) వంద కోట్లు దాటితే హిట్టే.

177 రూపాయల టికెట్‌లో 27 రూపాయలు జీఎస్టీ. మిగిలిన 150లో థియేటర్ అద్దో, మల్టీప్లెక్స్ వాటానో పోగా వచ్చేది షేర్. నైజాం (తెలంగాణ) బయ్యరైనా సీడెడ్ (రాయలసీమ) బయ్యరైనా తన ఏరియా హక్కులకు పెట్టిన రేటును పోల్చుకోవాల్సింది దాంతోనే. గ్రాఫిక్స్ ఖర్చు వల్ల ఈ తరహా సినిమాల రేట్లు ముందే ఎక్కువ, పెట్టింది తిరిగొచ్చే గీత, అంటే బ్రేక్ ఈవెన్ కూడా ఆ మేరకు పైనుంటుంది. ఆత్మలింగం చుట్టూ అల్లిన ‘అంజి’ ఏళ్ల తరబడి సాగి 2004లో వచ్చింది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు దక్కినా డబ్బులు రాలేదు. షూటింగ్‌కు ముందే గ్రాఫిక్స్ షాట్లు లెక్కపెట్టుకోండి, షాట్‌కింతని రేటు, డెలివరీ తేదీ కాగితం మీద రాయించుకోండి. రిలీజ్ వాయిదా పడిన ప్రతి నెలా ఫైనాన్స్ వడ్డీ బడ్జెట్‌లోనే కలుస్తుంది.