కన్నీళ్ల రహదారి నుంచి చెత్త డంపు దాకా

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ప్రిన్స్ జార్జ్ నుంచి సముద్రతీరాన ఉన్న ప్రిన్స్ రూపర్ట్ దాకా 700 కిలోమీటర్లకు పైగా సాగే రోడ్డు ఉంది. కాగితాల్లో అది 16వ నంబరు హైవే, జనం నోట కన్నీళ్ల రహదారి. దారి పొడవునా అడవి, మధ్యలో చిన్న చిన్న ఆదివాసీ ఊళ్లు. ఆస్పత్రికి వెళ్లాలన్నా, చుట్టాలింటికి వెళ్లాలన్నా చాలా ఏళ్లపాటు సరైన బస్సు లేదు. కారు లేనివాళ్లు రోడ్డు పక్కన నిలబడి లిఫ్ట్ అడిగేవాళ్లు. అలా బయల్దేరిన ఆడపిల్లలు కొందరు తిరిగి రాలేదు. 1969 నుంచి 2006 వరకు ఈ హైవే మీద, మరో రెండు హైవేల పొడవునా హత్యకు గురైన, మాయమైన 18 మంది కేసులను పోలీసులు ఒక ప్రత్యేక బృందానికి అప్పగించారు. ఆ బృందం ఏర్పడిందే 2005లో. కుటుంబాలు చెప్పే లెక్క 40 దాటుతుంది.

2002లో 25 ఏళ్ల తెల్లజాతి యువతి ఒకరు ఇదే రోడ్డు మీద కనిపించకుండా పోయింది. అప్పటికి గానీ దేశం ఆ హైవే వైపు సరిగ్గా చూడలేదు. ఆమె కోసం అంతగా వెతకడం న్యాయమే. మరి అంతకుముందు పోయిన మా పిల్లల కోసం ఎందుకు వెతకలేదన్నదే ఆదివాసీ తల్లుల ప్రశ్న.

ఆ ప్రశ్న ఇంకా పాతది. 1971లో కెనడాలోనే మరో రాష్ట్రమైన మానిటోబాలోని ద పా అనే పట్టణంలో, టీచర్ కావాలనుకున్న 19 ఏళ్ల క్రీ అనే ఆదివాసీ తెగ విద్యార్థినిని నలుగురు తెల్లజాతి యువకులు ఎత్తుకెళ్లారు. ఆమె హత్యకు గురైంది. చేసిందెవరో ఊళ్లో చాలామందికి తెలుసు. అయినా ఒక్కడికి శిక్ష పడటానికి 16 ఏళ్లు పట్టింది. ఈ కేసులో జాత్యహంకారం పనిచేసిందని 1991లో అక్కడి న్యాయ విచారణ సంఘం తేల్చింది.

వాంకూవర్ సంగతి మరీ ఘోరం. నగరంలోని పేదల వాడ డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ నుంచి 1990లలో ఒకరి తర్వాత ఒకరుగా మహిళలు మాయమయ్యారు. వాళ్లలో చాలామంది ఆదివాసీలు. బతుకుతెరువు కోసం ఒళ్లు అమ్ముకున్నవాళ్లు, డ్రగ్స్‌కు అలవాటుపడ్డవాళ్లు. ఫిర్యాదు చేయబోతే "ఎక్కడికో వెళ్లి ఉంటుంది, వస్తుందిలే" అన్న జవాబు. ఈ మాట మన ఊళ్లలో స్టేషన్ మెట్లెక్కినవాళ్లకూ కొత్తేమీ కాదు. అదే నగరంలో ఇళ్ల గ్యారేజీల దగ్గర దోపిడీలు చేసినవాళ్లను పట్టిస్తే రివార్డు ఇస్తామని అంతకుముందే ప్రకటించారు. ఈ మహిళల విషయంలో కుటుంబాలు పోరాడితే గానీ 1999లో లక్ష డాలర్ల రివార్డు రాలేదు. 1997లోనే ఒక మహిళ కత్తిపోట్లతో నగరానికి దగ్గర్లో పందులు పెంచే రాబర్ట్ పిక్టన్ పొలం నుంచి తప్పించుకుంది. హత్యాయత్నం కేసు పెట్టారు, తర్వాతి ఏడాది వదిలేశారు. ఆమెకు డ్రగ్స్ అలవాటు ఉంది కాబట్టి ఆమె సాక్ష్యం నిలబడదనుకున్నారు. చివరికి 2002లో ఆ పొలంలో సోదా మొదలైతే 33 మంది మహిళల ఆనవాళ్లు దొరికాయి. ఆరు హత్యల్లో అతడు దోషి అని 2007లో తేలింది. 1997లోనే అతణ్ని ఆపి ఉంటే తర్వాతి ఐదేళ్లలో ఎన్ని ప్రాణాలు నిలబడేవో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇందులో పత్రికల పాత్ర తక్కువ కాదు. ఫలానా అమ్మ కూతురు, ఇద్దరు పిల్లల తల్లి అని రాయాల్సిన చోట "సెక్స్ వర్కర్" అని రాశారు. చదివేవాడికి మనసు కదలదు, పోలీసు మీద ఒత్తిడి ఉండదు. పోలీసు కదలకపోతే మళ్లీ వార్తే లేదు. ముగ్గురు ఆదివాసీ, ముగ్గురు తెల్లజాతి మహిళల కేసులపై స్థానిక పత్రికల వార్తలను పోల్చిన ఒక పరిశోధన 2010లో వచ్చింది. తెల్లజాతి మహిళల గురించి మూడున్నర రెట్లు ఎక్కువగా రాశారని అందులో తేలింది. అమెరికాలో నల్లజాతి పాత్రికేయురాలు గ్వెన్ ఐఫిల్ 2004లోనే ఈ జబ్బుకు "మిస్సింగ్ వైట్ వుమన్ సిండ్రోమ్" అని పేరు పెట్టారు.

కెనడా పోలీసులు దేశవ్యాప్తంగా లెక్క తీసింది 2014లో. 1980 నుంచి 2012 వరకు హత్యకు గురైన ఆదివాసీ మహిళలు, మాయమై ఆచూకీ తెలియనివాళ్లు కలిపి 1,181 మంది. మహిళా జనాభాలో ఆదివాసీలు నాలుగు శాతమే, హత్యకు గురైన మహిళల్లో మాత్రం 16 శాతం. కుటుంబాలు ఏళ్ల తరబడి ఊరేగింపులు చేశాక 2016లో జాతీయ విచారణ మొదలైంది. 2019 జూన్‌లో వచ్చిన నివేదిక దీన్ని జాతి హననం అంది, 231 డిమాండ్లు ముందుంచింది.

ఆ తర్వాత మూడేళ్లకే మానిటోబా రాజధాని విన్నిపెగ్‌లో ఒకే హంతకుడు నలుగురు ఆదివాసీ మహిళలను చంపాడు. ఇద్దరి మృతదేహాలు నగరం బయటి ప్రెయిరీ గ్రీన్ చెత్త డంపులో ఉన్నాయని పోలీసులే నమ్మారు, కానీ వెతకడం సాధ్యం కాదన్నారు. రాష్ట్ర ప్రభుత్వమూ ఒప్పుకోలేదు. కూతుళ్లు, అక్కచెల్లెళ్లు గుడారాలు వేసుకుని కూర్చున్నారు. 2023 ఎన్నికల్లో వెతకబోమన్న మాటనే అధికార పార్టీ ప్రచారంలో వాడుకుంది, ఓడిపోయింది. ఆ ఎన్నికల్లో గెలిచిన వాబ్ కిన్యూ ప్రభుత్వం వచ్చాక 2024 డిసెంబరులో చెత్తను జల్లెడ పట్టడం మొదలుపెట్టారు. 2025 మార్చికల్లా ఆ ఇద్దరూ దొరికారు.