నవంబర్ ఎడారి: ఎండ సంగతి కాదు, పొద్దు సంగతి అడగండి

అక్టోబర్ చివరి నుంచి నాకు వచ్చే ఫోన్లన్నిట్లో ఒకటే ప్రశ్న. "అన్నా, థాంక్స్‌గివింగ్‌కి డెత్ వ్యాలీ అనుకుంటున్నాం. ఎండ మరీ ఉండదు కదా?" డెత్ వ్యాలీ అంటే కాలిఫోర్నియాలోని ఎడారి లోయ, ఇప్పుడు నేషనల్ పార్కు. థాంక్స్‌గివింగ్ నవంబర్ చివర్లో వచ్చే పండగ సెలవు. లాస్ వేగస్ నుంచి మనవాళ్ళ కుటుంబాలను వ్యాన్‌లో తిప్పడం నా పని. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. అబ్బాయికి ఒక రౌండ్ గోల్ఫ్, పిల్లలకి ఒక హైక్, పెద్దవాళ్ళకి నాలుగు చూడదగ్గ చోట్లు, అన్నీ ఒక్కరోజులో కావాలి.

ఎండ ఉండదు, నిజమే. 1913 జూలైలో 56.7 డిగ్రీల సెల్సియస్ నమోదైన, ఆ లోయలోని ఫర్నెస్ క్రీక్‌లోనే నవంబర్ పగలు 25 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. ఆ మాట వినగానే అందరి టెన్షన్ పోతుంది. దాంతోపాటు జాగ్రత్త కూడా పోతుంది.

అపోహ: ఎండ లేదు కాబట్టి ఎప్పుడు బయల్దేరినా ఒకటే.

వాస్తవం: నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. నెలాఖరుకి అక్కడ సాయంత్రం నాలుగున్నరకే సూర్యాస్తమయం. పడమటి వైపంతా పానమింట్ కొండలు, వాటిలో టెలిస్కోప్ పీక్ 11,049 అడుగులు. పొద్దు ఇంకా ముందే వాటి చాటుకు వెళ్ళిపోతుంది. ఇరుకు లోయల్లో నీడ అంతకన్నా ముందే పడుతుంది. గాలిలో తేమ లేదు, ఆకాశంలో మబ్బు లేదు, కాబట్టి నేలలోని వేడి నిలవదు. మధ్యాహ్నం పొట్టి చేతుల చొక్కాతో తిరిగినవాళ్ళే రాత్రికి వణుకుతారు.

ఒక ఏడాది నా వ్యాన్‌లో ఒక రిటైర్డ్ మాస్టారి కుటుంబం వచ్చింది. అబ్బాయి గోల్ఫ్ ఆలస్యమైంది. గోల్డెన్ కాన్యన్ అనే ఇరుకు లోయ చేరేసరికి మూడుంపావు. లోపల రెడ్ కెథడ్రల్ అనే ఎర్ర కొండగోడ దాకా పోయి రావడానికి సుమారు మూడు మైళ్ళు. "గంటలో వచ్చేస్తాం" అన్నారు. నేను ఆపలేదు. ఆపాల్సింది. నాలుగున్నర దాటాక అబ్బాయి, పిల్లలు వచ్చారు, మాస్టారు రాలేదు. కాస్త కూర్చుని వస్తాను, మీరు పదండి అన్నారట. తర్వాత దారి చీలే చోట పొరపాటున గవర్ గల్చ్ అనే ఇంకో లోయ వైపు తిరిగారు. నేను హెడ్‌ల్యాంప్ పెట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే, ఒక రాయి మీద కూర్చుని ఫోన్ లైటు నేలకేసి పట్టుకుని కనిపించారు. ఆ లైటు ఆర్పుదామంటే చలికి కొంకర్లు పోయిన వేలు స్క్రీన్ మీద పనిచెయ్యడం లేదు. "బాబూ, ఆరు కూడా కాలేదు కదయ్యా, ఇంత చీకటేమిటి?" అన్నారు. మా ఇద్దరి అడుగులు తప్ప ఇంకో చప్పుడు లేదు. వ్యాన్ దగ్గర మాస్టారి భార్య ఏమీ అనలేదు. తన శాలువా తీసి ఆయన చెవులకు చుట్టి, రెండు చేతులూ పట్టుకుని అలాగే కూర్చుంది.

అప్పట్నుంచి మూడు దాటాక లోయలోకి ఎవర్నీ పంపను. బతిమాలినా పంపను.

గోల్ఫ్‌కీ ఇదే లెక్క. మధ్యాహ్నం తర్వాత ఇచ్చే ట్విలైట్ రేటు తక్కువని అప్పటికి టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే వేళ, బుక్ చేస్తారు. 18 హోల్స్‌కి నాలుగు నుంచి నాలుగున్నర గంటలు పడుతుంది. పన్నెండున్నరకు మొదలుపెడితే చివరి హోల్స్‌లో బంతి కనపడదు, హైక్ సంగతి సరేసరి. పొద్దున్నే ఆడండి, లేదా గోల్ఫ్‌కి వేరే రోజు ఉంచండి. వేగస్ కోర్సుల్లో తెల్లవారుజామున మంచు పట్టి ఉంటే ఆట ఆలస్యంగా మొదలుపెడతారు. గడ్డకట్టిన గడ్డి మీద నడిస్తే ఆకులు విరిగి చనిపోతాయి, అందుకని. స్టాఫ్ మీద విసుక్కోకండి.

అపోహ: చల్లగా ఉంది, నీళ్ళెందుకు?

విజయవాడలో చెమట కారుతుంది కాబట్టి తెలుస్తుంది. ఇక్కడ పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా తడవదు. టోపీ అంచున తెల్లటి ఉప్పు చార కనిపిస్తే అప్పటికే ఒంట్లో నీళ్ళు తగ్గినట్టు. మన అమ్మలు నీళ్ళు తాగకపోవడానికి అసలు కారణం వేరు. దారిలో బాత్రూమ్ దొరకదేమోనని భయం, పైకి చెప్పరు. జాబ్రిస్కీ పాయింట్, గోల్డెన్ కాన్యన్, బాడ్‌వాటర్, మూడు చోట్లా టాయిలెట్లున్నాయి. ఆ మాట బయల్దేరేముందే చెప్పండి, వాళ్ళే తాగుతారు. బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్ళయితే ముందే డాక్టర్‌ని అడగండి. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్ల నీళ్ళు, లెక్కన బండిలో ఉండాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. డెవిల్స్ గోల్ఫ్ కోర్స్‌లో గోల్ఫ్ ఆడరు, అది కత్తుల్లాంటి ఉప్పు గడ్డల నేల. అసలు కోర్సు ఫర్నెస్ క్రీక్‌లో ఉంది, సముద్రమట్టానికి 214 అడుగుల కింద. చోయా అనే ముళ్ళ కాక్టస్ అందరూ అనుకునేట్టు ఎగిరి గుచ్చుకోదు, కానీ తగిలితే కొమ్మ ముక్కే ఊడి వస్తుంది. చేత్తో లాగకుండా దువ్వెనతో తీయండి. పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పెట్రోలు దారిలో వచ్చే పరంప్ ఊళ్ళోనే నింపుకోండి, పార్కు లోపల రేటు బాగా ఎక్కువ. కొండ మీంచి లోయను చూసే చోటు డాంటేస్ వ్యూ 5,475 అడుగుల ఎత్తు. కింద స్వెట్టర్ అక్కర్లేకపోయినా అక్కడ కోటు కావాలి.

చివరగా, "అమ్మ మోకాళ్ళతో రాలేదు, హోటల్లో వదిలేస్తాం" అంటారు. తీసుకురండి. సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉన్న బాడ్‌వాటర్‌లో నేలంతా చదును, మెల్లగా ఎంత దూరం వీలైతే అంత నడవొచ్చు. పోయినేడు ఒక పెద్దావిడ నాలుగడుగులు వేసి, కొడుకు చెయ్యి పట్టుకుని వంగి, నేలని వేలితో తాకి నాలుక మీద పెట్టుకుంది. "ఒరేయ్, నిజంగా ఉప్పేరా!" అంది. అప్పుడు మూడు కావస్తోంది. కొండ నీడ మా దాకా రాకముందే ఆవిణ్ణి వ్యాన్ ఎక్కించాం.