ఊరి సంగీతోత్సవానికి విజ్ఞాన సర్వస్వంలో వ్యాసం: అపోహలు - వాస్తవాలు

తెలుగు వికీపీడియాలో కొత్త వ్యాసాలను పరిశీలించే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను. పుష్యమాసం వచ్చిందంటే ఏదో ఒక ఊరి త్యాగరాజ ఆరాధనోత్సవాల మీద కొత్త వ్యాసం ఒకటైనా కనిపిస్తుంది. 1847లో పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజస్వామి తిరువయ్యారులో సిద్ధి పొందారు. ఆ తిథికి తెలుగునాట ఎన్నో ఊళ్లలో పంచరత్న కీర్తనల గోష్ఠిగానం జరుగుతుంది, ప్రతి ఊరికీ తన ఉత్సవం ప్రాణప్రదమైనదే. వాటిలో దేనికి ప్రత్యేక వ్యాసం ఉండాలన్న చర్చ వచ్చిన ప్రతిసారీ రాసేవారి వైపూ, పరిశీలించేవారి వైపూ అవే అపోహలు ఎదురవుతున్నాయి కనుక వాటిని ఒకచోట రాస్తున్నాను.

అపోహ: యాభై ఏళ్లుగా నిరాటంకంగా జరుగుతున్న ఉత్సవానికి వ్యాసం ఉండి తీరాలి.

వాస్తవం: వయసు గౌరవించదగినదే గాని, వికీపీడియాలో ‘విషయ ప్రాముఖ్యత’ అనే మాటకు అర్థం వేరు. ఆ ఉత్సవంతో ఏ సంబంధమూ లేనివారు, నమ్మదగిన ప్రచురణల్లో, దాని గురించి తగినంత వివరంగా రాశారా అన్నదే అక్కడి ప్రశ్న. తిరువయ్యారునే చూడండి. అక్కడి ఆరాధనకు ప్రాముఖ్యత ఉందని మనం వాదించనక్కరలేదు. నిర్వాహకులు పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు వర్గాలుగా విడిపోవడం, ఆడవారికి అక్కడ పాడే అవకాశం లేని రోజుల్లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ తన సొంత ఆస్తిని వెచ్చించి సమాధి మందిరం కట్టించడం, చివరకు అందరూ ఒక్కటై ఉత్సవం జరుపుకోవడం, ఇవన్నీ పత్రికల్లోనూ జీవితచరిత్రల్లోనూ పరిశోధన గ్రంథాల్లోనూ వేర్వేరు చేతుల మీదుగా నమోదయ్యాయి. వ్యాసం రాసేవారు ఆ రాతలను సంగ్రహిస్తే చాలు. అటువంటి రాతలు లేనిచోట వ్యాసకర్త తన జ్ఞాపకం నుంచి రాయవలసి వస్తుంది, ఆ జ్ఞాపకం ఎంత నిజమైనదైనా పాఠకుడు సరిచూసుకోవడానికి దారి ఉండదు.

అపోహ: పేపర్లో వార్త పడింది కనుక ప్రాముఖ్యత రుజువైనట్టే.

వాస్తవం: నా సమయం అన్నిటికంటే ఎక్కువగా పట్టేది ఈ పత్రికా కత్తిరింపులను చదవడానికే. ‘రేపటి నుంచి ఆరాధనోత్సవాలు’ అనే జిల్లా పేజీ వార్తలో తేదీలు, వేదిక, ముఖ్య అతిథుల పేర్లు మాత్రమే ఉంటాయి. అది నిర్వాహకులు పంపిన ప్రెస్ నోట్ అని గుర్తించడానికి ఒక సులువు ఉంది: అదే రోజు రెండు మూడు పత్రికలను పక్కపక్కన పెట్టి చూస్తే వాక్యాలు దాదాపు ఒక్కటిగానే ఉంటాయి. పత్రికలు మూడైనా రాసిన చేయి ఒక్కటే కాబట్టి నేను దాన్ని ఒకే మూలంగా, అదీ స్వతంత్రం కాని మూలంగా లెక్కిస్తాను. ఇందుకు భిన్నంగా, ఒక సంగీత విమర్శకుడు మూడు రోజులు కూర్చుని విని, ఎవరు ఏ రాగాన్ని ఎలా విస్తరించారో, సభ నిర్వహణ గత సంవత్సరాలతో పోలిస్తే ఎలా ఉందో రాసిన ఒక్క సమీక్ష పది ప్రకటనల పెట్టు. ఆ సమీక్ష జిల్లా పేజీలో వచ్చిందా, ప్రధాన సంచికలో వచ్చిందా అన్నది కూడా కొంత లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే ఊరి వెలుపలివారు సైతం పట్టించుకున్నారనడానికి అది ఆనవాలు. ఒకే ఏడాది వచ్చిన పది వార్తల కంటే ఇరవై ఏళ్ల వ్యవధిలో వచ్చిన నాలుగు విశేష కథనాలకు నేను ఎక్కువ బరువు ఇస్తాను.

అపోహ: మహావిద్వాంసులు పాడిన వేదిక కనుక ప్రాముఖ్యత దానంతట అదే వస్తుంది.

వాస్తవం: రాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన ప్రతి వేదికకూ వ్యాసం రాయలేము. అయితే ఒక విద్వాంసుడి జీవితచరిత్రలో ఆ ఉత్సవం గురించి రెండు పేజీలు వివరంగా ఉంటే అది మంచి మూలమే. అప్పుడు లెక్కలోకి వచ్చేది ఆ రెండు పేజీలు, ఆయన పేరు కాదు.

అపోహ: వార్షిక సావనీర్లలో (ఉత్సవ ప్రత్యేక సంచికల్లో) చరిత్ర అంతా ఉంది, ఇంకేం కావాలి?

వాస్తవం: సావనీరును నిర్వాహకులే అచ్చు వేస్తారు. ఉత్సవం ఏ సంవత్సరంలో మొదలైంది, తొలి కార్యవర్గంలో ఎవరున్నారు వంటి వివరాలకు దాన్ని ఉదహరించవచ్చు. ప్రాముఖ్యతను నిర్ణయించడానికి మాత్రం అది పనికిరాదు.

అపోహ: గూగుల్‌లో ఏమీ దొరకలేదు కనుక వ్యాసాన్ని తొలగించవచ్చు.

వాస్తవం: ఇది మా పరిశీలకుల వైపు అపోహ, దీనివల్ల జరిగే నష్టమే పెద్దదని నా నమ్మకం. మూలం అంతర్జాలంలో ఉండాలన్న నియమం ఏదీ లేదు. అచ్చులో ఉండి, ఎవరైనా వెతికి చూసుకోగలిగితే చాలు. తెలుగు పత్రికల పాత సంచికలు అక్షరాలుగా కాక బొమ్మలుగా ఉన్నందువల్ల వెతుకుడు యంత్రాలకు చాలావరకు చిక్కవు. ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి పెట్టిన ఆంధ్రపత్రిక సంచికలనైనా, 1924లో మొదలైన భారతి మాసపత్రికనైనా, తేదీని ఊహించుకుని ఆ వారం లేదా ఆ నెల పుటలన్నీ తిరగేయవలసిందే. ఆరాధన తిథి ఏటా మారుతుంది కాబట్టి, ముందుగా ఆ సంవత్సరపు పంచాంగం చూసుకుంటే వెతకవలసిన పుటలు బాగా తగ్గుతాయి. ఊరి పేరు కూడా మోసం చేస్తుంది: విజయవాడ అని వెతికేవారికి బెజవాడ అన్న వార్త, కాకినాడ అని వెతికేవారికి కోకనాడ అన్న వార్త దొరకవు. త్యాగరాజ, త్యాగరాయ అనే రెండు రూపాలనూ, ఆరాధన, వర్ధంతి, సంగీతోత్సవం అనే మూడు మాటలనూ ప్రయత్నించకుండా ‘మూలాలు లేవు’ అని రాయడాన్ని నేను అంగీకరించను. 1918లో ఏర్పడిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి. అక్కడికి వెళ్లగలిగిన వాడుకరి (వికీపీడియాలో రాసేవారు) ఒక్కరున్నా తొలగింపు చర్చను నెల రోజులు ఆపడం న్యాయం.

కోస్తాలోని ఒక చిన్న పట్టణపు ఉత్సవం విషయంలో నేనే ఒకసారి తొందరపడి తొలగింపు మూస (వ్యాసాన్ని తొలగించాలని సూచించే గుర్తు) పెట్టాను. ఆ ఊరి విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ఆ వ్యాసపు చర్చాపేజీలో కోపగించుకోకుండా, గ్రంథాలయంలో కూర్చుని, వేర్వేరు దశాబ్దాలకు చెందిన మూడు సమీక్షల తేదీలు, పుట సంఖ్యలు రాసి పంపారు. మూస తీసేసి, ఆ మూడింటి ఆధారంగా వ్యాసాన్ని మళ్లీ రాశాం. అప్పటి నుంచి మూస పెట్టే ముందు నేను వెతికిన చోట్ల జాబితాను చర్చాపేజీలో రాస్తున్నాను.

అపోహ: ప్రత్యేక వ్యాసం వద్దన్నారంటే ఉత్సవాన్ని చిన్నచూపు చూసినట్టు.

వాస్తవం: ఒకటి రెండు నమ్మదగిన మూలాలే ఉన్నప్పుడు ఆ సమాచారాన్ని ఊరి వ్యాసంలో ‘సంస్కృతి’ విభాగంగా చేరుస్తాం. ఉత్సవాన్ని నడిపే సభకు వ్యాసం ఉంటే అందులో చేరుస్తాం. ఉత్సవం పేరుతో వెతికినవారు అక్కడికే చేరేలా దారిమార్పు పేజీ పెడతాం. ఆ పేజీ చరిత్రలో పాత పాఠం అలాగే ఉంటుంది కాబట్టి, రేపు ఎవరికైనా మరో రెండు సమీక్షలు దొరికితే మొదటి నుంచీ రాయనక్కర లేకుండా దాన్నే తెరిచి, మూలాలు చేర్చి, వ్యాసంగా నిలబెట్టవచ్చు.