ఒకే విచారణలో రెండు అమ్మాయిల గ్రూపులు: ఈ గొడవకు మూలం ఎక్కడుంది

కాథలిక్ విచారణలో, అంటే ఒక గురువు చూసుకునే గుడి పరిధిలో, అమ్మాయిలకు ఒక్క గ్రూపే ఉండాలా, రెండున్నా పరవాలేదా అన్న గొడవ మళ్ళీ మొదలైంది. మే నెలలో మరియమాత స్వరూపానికి కిరీటం ఎవరు పెట్టాలి, ఊరేగింపులో ఎవరు ముందు నడవాలి, వారానికోసారి హాలు ఎవరికివ్వాలి, పాత మరియమాత సంఘానికీ అమ్మాయిలు తామే మొదలుపెట్టిన కొత్త గ్రూపుకూ మధ్య ఇవే తగాదాలు. "ఆడపిల్లల పంతాలు, రెండు రోజుల్లో అవే సర్దుకుంటాయి" అని తీసిపారేసే పెద్దలు చాలామందే ఉన్నారు. అది అన్యాయం. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క రాసింది పెద్దవాళ్ళు. దాన్ని తీసేసిందీ పెద్దవాళ్ళే. తీసేశామన్న సంగతి ఈ పిల్లలకు కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు మాత్రం తక్కువ.

1830లో పారిస్‌లో మరియమాత ఇచ్చిన దర్శనాలు, 1847లో పోపు తొమ్మిదవ పయస్ అనుమతితో డాటర్స్ ఆఫ్ చారిటీ సిస్టర్ల బడుల్లో చిల్డ్రన్ ఆఫ్ మేరీ అనే అమ్మాయిల భక్తి సంఘాలు రావడం, సభ్యులు వేసుకునే నీలి రిబ్బన్, పతకం, ఇవన్నీ ఈ గొడవలో ఉన్నవాళ్ళకు కొట్టిన పిండే. అందుకని నేరుగా 1917కి వస్తాను.

ఆ ఏడాది వచ్చిన శ్రీసభ (కాథలిక్ చర్చి) చట్టంలో మనకు కావలసిన నియమాలు రెండున్నాయి. 711వ నియమం ప్రకారం ఒకే పేరు, ఒకే ఉద్దేశం ఉన్న భక్తి సంఘాలు ఒకే చోట రెండు పెట్టకూడదు. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప కుదరదు, పెద్ద నగరాల్లో అయితే వాటి మధ్య తగినంత దూరం ఉండాలి. ఇక 701వ నియమం సంఘాల హోదాను వరుసగా పేర్చింది: మొదట మూడవ సభలు (మఠ సంప్రదాయాన్ని అనుసరించే సాధారణ విశ్వాసుల సంఘాలు), తర్వాత ఆర్చ్‌కాన్‌ఫ్రటర్నిటీలు (తమలాంటి సంఘాలను చేర్చుకునే మూల సంఘాలు), తర్వాత కాన్‌ఫ్రటర్నిటీలు (ఆరాధన కోసం పెట్టిన సోదర సంఘాలు), ఆ తర్వాతే మిగతా భక్తి సంఘాలు. అంటే ఎవరి స్థానం ఎక్కడో చట్టమే తేల్చేది. విచారణ గురువు బుర్ర బద్దలు కొట్టుకోవలసిన పని ఉండేది కాదు.

"ఒక విచారణ, ఒక అమ్మాయిల సంఘం" అని ఇవాళ గట్టిగా చెప్పేవాళ్ళు తెలిసో తెలియకో ఆ 711వ నియమం నీడలోనే మాట్లాడుతున్నారు. పైగా అది అప్పట్లో కూడా అడ్డుపడింది ఒకే పేరున్న సంఘాలకే. 1921లో డబ్లిన్‌లో పుట్టిన లీజియన్ ఆఫ్ మేరీ అనే మరో మరియమాత సంఘం తాలూకు పిల్లల శాఖ, చిల్డ్రన్ ఆఫ్ మేరీ ఒకే గుడిలో పక్కపక్కన ఉంటే ఆ చట్టం ప్రకారం ఏ తప్పూ లేదు. ఒక్కటే ఉండాలన్నది అలవాటుగా మొదలై, తర్వాత తర్వాత చట్టమన్నంతగా నాటుకుపోయింది.

మధ్యలో కాథలిక్ యాక్షన్ (పీఠాధిపతుల, అంటే బిషప్పుల, కింద సాధారణ విశ్వాసులు నడిపిన ఉద్యమం) కాలం ఒకటుంది, దాని గురించి రెండు ముక్కలు చాలు. పీఠాధిపతుల కింద నడిచే యువతీ శాఖలు విచారణల్లోకి రావడంతో, సిస్టర్లో మఠ గురువులో నడిపే సొడాలిటీల, అంటే చిల్డ్రన్ ఆఫ్ మేరీ లాంటి భక్తి సంఘాల, పరిస్థితి ఏమిటన్న ప్రశ్న వచ్చింది. 1948లో పోపు పన్నెండవ పయస్, మరియమాత సొడాలిటీలు కూడా పూర్తి హక్కుతో కాథలిక్ యాక్షనే అని ప్రకటించాల్సి వచ్చింది. ఎవరిది అసలు సంఘం, ఎవరిది పక్క సంఘం అన్న పేచీ రోముదాకా వెళ్ళిందన్నమాట.

నా దృష్టిలో అసలు మలుపు 1965 నవంబరు 18. ప్రపంచ బిషప్పులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభ, లౌకికుల (గురువులూ సిస్టర్లూ కాని సాధారణ విశ్వాసుల) ప్రేషిత సేవ, అంటే సువార్త పని, మీద వెలువరించిన డిక్రీలో 19వ పేరా ఒక్కటి శ్రద్ధగా చదివితే ఇవాళ్టి గొడవంతా కనిపిస్తుంది. శ్రీసభ అధికారంతో ఉండవలసిన సంబంధం చెడకుండా చూసుకుంటూ సంఘాలు పెట్టుకునే హక్కు, నడుపుకునే హక్కు లౌకికులకు ఉందని అది చెప్పింది. ఆ వెంటనే శక్తులు చెల్లాచెదురు కాకూడదని హెచ్చరించింది. తగిన కారణం లేకుండా కొత్త సంఘాలు పెట్టినా అదే నష్టం, కాలం చెల్లిన సంఘాలనూ పద్ధతులనూ పట్టుకు వేలాడినా అదే నష్టం అంది. పాత సంఘం వాళ్ళు ఆ వాక్యంలో మొదటి సగం చదివి వినిపిస్తారు, కొత్త గ్రూపు అమ్మాయిలు రెండో సగం చదువుతారు. రెండూ కలిపి చదివితే, ఏ గ్రూపు వయసెంత అన్నది పక్కనపెట్టి అది ఇప్పుడు ఏం చేస్తోందో చూడాలి, అందుకు ఎవరూ సిద్ధంగా లేరు.

1983లో వచ్చిన కొత్త శ్రీసభ చట్టం ఆ ఆలోచనను నియమాల్లోకి తెచ్చింది. ఒక్కటే ఉండాలన్న 711 పోయింది, 701లోని వరుసా పోయింది. 215వ నియమం ప్రకారం సంఘాలు పెట్టుకోవడం, నడుపుకోవడం విశ్వాసులందరి హక్కు. 307వ నియమం ఒకే వ్యక్తి ఎన్ని సంఘాల్లోనైనా చేరవచ్చంటుంది. ఈ చివరిది తెలిస్తే, "వాళ్ళ మీటింగుకు వెళితే రిబ్బన్ తిరిగిచ్చేయ్" అని ఏ పద్నాలుగేళ్ళ పిల్లనూ ఏడిపించాల్సిన పని ఉండదు.

పాత సంఘం వాదన తేలికగా కొట్టేసేది కాదు. అమ్మమ్మల కాలం నుంచి జపమాల, అలంకరణ, రోగుల సందర్శన వాళ్ళు మోశారు. కొత్తవాళ్ళు వచ్చి తమ పిల్లల్ని లాక్కుంటున్నారని వాళ్ళ బాధ.

కొత్త గ్రూపు వాళ్ళు చెప్పేది ఇంకాస్త ఓపికగా వినాలి, ఎందుకంటే వాళ్ళ మాట సాధారణంగా గురువుగారి గది దాకా పోదు. సొడాలిటీలో ఏం చేయాలో సిస్టరో పెద్దక్కో నిర్ణయిస్తే తాము తలూపడమే ఉండేదని, ప్రశ్న అడిగితే పెంకితనం అనేవారని వాళ్ళంటారు. బైబిలు చదివి దాని మీద మాట్లాడుకోవాలి, చదువు టెన్షన్ గురించి, ఇంటి గొడవల గురించి కూడా నోరు విప్పే చోటు కావాలి అని అడిగారు, దొరక్కపోతే తామే మొదలుపెట్టారు. మహాసభ చెప్పిన "తగిన కారణం" ఇది కాకపోతే మరేమిటో నాకు అర్థం కాదు. కిరీటం విషయంలోనూ వాళ్ళు అడిగింది మొత్తం తమకే ఇమ్మని కాదు, ఒక ఏడాది వాళ్ళు, ఒక ఏడాది మేము అన్నారు. ఊరేగింపు వరుసే చట్టంలో లేనప్పుడు ఈ కోరికకు అడ్డు చెప్పడానికి మిగిలింది ఆనవాయితీ ఒక్కటే.

మరి గురువుగారి అధికారం ఎంత? సంఘాన్ని అధికారికంగా స్థాపించడం గానీ రద్దు చేయడం గానీ విచారణ గురువు చేతిలో లేదు. విచారణ స్థాయిలో పుట్టే సంఘాలకు అది పీఠాధిపతి పని. పైగా 529వ నియమం విశ్వాసుల సంఘాలను ప్రోత్సహించమని గురువుకే చెబుతోంది. కానీ హాలు తాళంచెవి, పూజ తర్వాత చదివే ప్రకటనలు, పండగ కార్యక్రమం ఆయన చేతిలోనే ఉన్నాయి. రద్దు చేయనక్కర్లేదు, మూడు నెలలు హాలు ఇవ్వకపోతే చాలు, గ్రూపు దానంతటదే చెదిరిపోతుంది. "రెండూ కలిపేద్దాం" అన్న ప్రతిపాదన వచ్చిన చోటల్లా, కలిపాక బాధ్యతలు ఎవరికి, ఎన్నిక ఉంటుందా, ఉంటే ఎవరు ఓటేస్తారు అని ముందు అడగాలి.

కొత్త గ్రూపు వైపూ ఒక లోటుంది. 299వ నియమం ప్రకారం నియమావళిని అధికారులు పరిశీలించేదాకా ఏ ప్రైవేటు సంఘానికీ శ్రీసభలో గుర్తింపు ఉండదు. సభ్యుల్లో సగం మంది పద్దెనిమిది నిండనివాళ్ళయినప్పుడు మీటింగులో బాధ్యతగల పెద్దలు ఎవరుంటారు, తల్లిదండ్రులకు ఎవరు జవాబు చెబుతారు, చందా డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి కాగితం మీద ఉండి తీరాలి. అదే కాగితం పాత సంఘాన్నీ అడగాలి, ఎప్పుడో మూల సంఘం పంపిన పుస్తకం బీరువాలో ఉందంటే సరిపోదు. రెండు నియమావళులూ పీఠాధిపతి కార్యాలయానికి చేరేదాకా, ఈ మే నెల కిరీటం ఎవరిదో తేల్చినా వచ్చే మేలో ఇదే పంచాయితీ.