పోస్టుకార్డుల మీద ఆడిన ఆట

బుజ్జీ, చిట్టీ,

అటక మీది ట్రంకుపెట్టెలో మీకు దొరికిన కార్డుల కట్ట లెక్కల హోంవర్కు కాదర్రా. అదంతా కలిపి ఒక్కటే చదరంగం ఆట. 1984లో మొదలైంది. నేను తెనాలిలో, అవతలాయన కలకత్తాలో. నాకు బెంగాలీ రాదు, ఆయనకు తెలుగు రాదు. అందుకే పదిహేను పైసల కార్డు మీద నాలుగంకెలు వేసి పంపుకునేవాళ్లం.

మొదటి కార్డు 5254. నిలువు వరుసలు ఎడమ నుంచి లెక్కపెట్టండి, అడ్డ వరుసలు తెల్లపావుల వైపు నుంచి. అయిదో వరుసలో రెండో గడిలోని బంటు నాలుగో గడికి వెళ్లిందన్నమాట. ఆయన జవాబు 5755. నేను గుర్రాన్ని దూకించాను, 7163. ఆయన తన బంటుకు కాపలా పెట్టకుండా 7866 అని గుర్రాన్ని నా బంటు మీదికే తోలాడు. ఆట మొదలుపెట్టే ఈ పద్ధతి పేరు పెట్రోవ్ డిఫెన్స్. పందొమ్మిదో శతాబ్దపు రష్యా ఆటగాడు అలెగ్జాండర్ పెట్రోవ్ పేరు మీద వచ్చింది.

బోర్డు ముందేసుకుని చూడండి. 6355తో ఆయన బంటును కొట్టేశాను. ఆయన తొందరపడి 6654 అని నా బంటును కొడితే, నా మంత్రి 4152. ఆ గుర్రం బెదిరి 66కి వెనక్కి పోయిందా, నా గుర్రం 5536! తప్పుకున్న గుర్రం వెనక నుంచి మంత్రి చెక్, ఆ గుర్రం నోట్లో ఆయన మంత్రి. ఆ ఉచ్చు ఆయనకు నాకన్నా బాగా తెలుసు. ముందు 4746తో నా గుర్రాన్ని తరిమి, ఆ తర్వాతే నా బంటును కొట్టాడు.

ఇద్దరి రాజుల ముందు బంట్లూ పోయాయి. తెరుచుకున్న ఆ వరుసలో ఏనుగులు ఎదురుపడి ఒకదాన్నొకటి కొట్టుకుపోయాయి. మధ్యలో నా ఏడు ఆయనకు ఒకటిలా కనబడి, అడగడానికీ చెప్పడానికీ పదిహేను రోజులు పోయాయి. నా దస్తూరీ సంగతి మీ నాన్ననడగండి.

చివరికి నాకు ఒక బంటు ఎక్కువ. అయినా గెలవలేకపోయాను. నా శకటు తెల్లగడుల మీదే తిరిగేది, ఆయనది నల్లగడుల మీదే. నా బంటు దాటాల్సిన నల్లగడిలో ఆయన రాజు బైఠాయించాడు. నా శకటు ఆ గడిని జన్మలో తాకలేదు.

రెండో ఏడు వేసవిలో, అంకెల కింద ఇంగ్లీషులో మొదటిసారి ఒక మాట వచ్చింది: "డ్రా?" వారం రోజులు ఆ బోర్డు జోలికి మీ నాయనమ్మను రానివ్వలేదు. ఎనిమిదో రోజు ఒప్పుకుంటూ కార్డు డబ్బాలో వేశాను.

ఆఖరి స్థితి నా నోటుబుక్కులో గీసి ఉంది. గెలిచే దారి మీకేమన్నా తోస్తే కార్డు మీద రాయండి. ఏడు అంకె మాత్రం స్పష్టంగా వేయండి.

మీ తాతయ్య